ఇల్లు చిన్నదైతే

మార్చి 19, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరుగారు నన్ను ఆపి, స్త్రీల కూడికలో పస్కా పండుగ గురించి మాట్లాడమన్నారు. నాకెందుకండీ అన్నాను. "ఏటా పులియని రొట్టె చేసేది నువ్వే కదమ్మా, దాని అర్థం కూడా నువ్వే చెప్పు" అన్నారు. తప్పించుకోవడానికి నాకు తోచిన సాకులన్నీ చెప్పాను. అన్నిటికీ ఓపిగ్గా తలూపి, "అయితే ఏప్రిల్ మొదటి ఆదివారం, మధ్యాహ్నం" అన్నారు. ఆయనతో ఇదే చిక్కు. మన మాట కాదనరు, తన మాట వదలరు.

ఈ ఏడు ఇంకో కొత్త ఏర్పాటు కూడా చేశారు. శ్రమల వారం గురువారం సాయంత్రం సంఘమంతా హాల్లో కలిసి తింటాం కదా, అక్కడ ఎవరూ ఒంటరిగా కూర్చోకూడదట. ఇంటికొక బల్ల, బల్లకొక రొట్టె. ఇల్లు మరీ చిన్నదై ఒక గొర్రెపిల్లను తినలేకపోతే పక్కింటివాళ్ళతో కలవాలని ఆ పాత పండుగలో నియమం ఉంది. "నువ్వు ఒక్కదానివే కాబట్టి నిన్ను పక్కింటితో కలుపుతున్నానమ్మా" అన్నారు.

పక్కిల్లంటే మా మరిది, చిన్నోడు. మా రెండు పెరళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ. ఆ గోడకి అటు వాడొక్కడు, ఇటు నేనొక్కదాన్ని.

ఆలోచించి చెబుతానని వచ్చేశాను. ఆలోచించడానికి ఏముంది, కూర్చోను.

మార్చి 20, సోమవారం

చిన్నోడి మీద నాకేం కోపం లేదు. ఎప్పుడైనా నాకే అనుమానం వస్తే చూసుకోవడానికి ఇక్కడ రాసి పెడుతున్నాను.

మార్చి 22, బుధవారం

వీధి చివరి టైలరమ్మ జాకెట్టు ఇవ్వడానికి వచ్చి రాయబారం మొదలుపెట్టింది. చిన్నోడికి మా ఆయన సీసాలోంచి రొట్టె పొంగించడానికి ఒక్క చెంచా పులిపిండి కావాలట. బేకరీలో ఈస్టు ప్యాకెట్లతో చేస్తుంటే రొట్టె పొంగుతోంది గానీ రుచి రావడం లేదట. పెద్దాయన రొట్టె ఇది కాదంటూ పాత గిరాకీ ఒక్కొక్కరే జారుకుంటున్నారట.

"వాడికి నోరు లేదా? నీతో అడిగించడం ఎందుకు?" అన్నాను.

"నోరుంది. నిన్ను చూస్తే పడిపోతుందంట" అంది టైలరమ్మ.

ఇవ్వనని చెప్పాను. టైలరమ్మ ఏమీ అనలేదు. ఏమీ అనకుండా ఉండడం ఆవిడకు చేతకాదు కాబట్టి నాకు ఇంకా ఒళ్ళు మండింది.

పెళ్ళయిన కొత్తలో ఆయన మొదలుపెట్టిన పిండి అది. రోజూ సగం తీసి పారేసి, మిగిలిన సగానికి కొత్త పిండీ నీళ్ళూ కలపాలి. లేకపోతే చచ్చిపోతుంది. ఎంత పొంగిందో తెలియడానికి సీసాకి రబ్బరు బ్యాండు వేసేవారు. ఆ బ్యాండు కూడా ఆయన వేసిందే, నేను మార్చలేదు. ఆయన వేళ్ళతో కలిపిన పిండి ఎంతో కొంత ఇంకా అందులో ఉంది. అది ఎవరికీ ఇవ్వను.

ఆవిడ వెళ్ళాక ఈ పూట సగం తీసి సింకులో పారబోశాను. పారబోశాక కాసేపు కుళాయి కట్టేయడం మరిచిపోయాను.

మార్చి 24, శుక్రవారం

వాక్యం తీసి చదివాను. ఐగుప్తు బానిసత్వం నుంచి దేవుని ప్రజలు బయటపడిన రాత్రి కథ. చిన్నప్పటి నుంచి వింటున్నదే, కానీ ఎప్పుడూ ఇంత నెమ్మదిగా చదవలేదు.

మచ్చలేని పిల్లను నెల పదో రోజున ఎంచుకోవాలి. వెంటనే కోయరు. పద్నాలుగో రోజు దాకా ఇంట్లోనే ఉంచుకోవాలి. అన్ని రోజులు ఇంట్లో తిరిగే గొర్రెపిల్లకి పిల్లలు పేరు పెట్టకుండా ఉంటారా? అది వాళ్ళ దుప్పటి నమలకుండా ఉంటుందా? ఎవరికీ కాని దాన్ని తెచ్చి కోయడం కాదన్నమాట. ముందు అది మన ఇంటిది కావాలి.

తరువాత దాని రక్తం గుమ్మానికి పూయాలి. ఎముక ఒక్కటి కూడా విరగ్గొట్టకుండా కాల్చాలి. నడుం కట్టుకుని, చెప్పులేసుకుని, ప్రయాణానికి సిద్ధంగా నిలబడి తినాలి. పిండి పొంగే వరకూ ఆగే వ్యవధి లేదు కాబట్టి రొట్టె పులియదు. ఆ రాత్రి దేవుడు రక్తం గుర్తున్న ఇళ్ళను దాటి వెళ్ళిపోతాడు. గుర్తు లేని ఇళ్ళలో పెద్దకొడుకులు పోతారు.

మా అత్తగారికి ఆయన పెద్దకొడుకు.

ఆయన పోయిన ఉదయం హాస్టలుకి రొట్టెలు వేసే వంతు చిన్నోడిది. వాడికి జ్వరం. "పడుకోరా, నేను పోయొస్తాలే" అని వ్యాను తాళాలు తీసుకున్నారు. వాన పడుతోంది. కల్వర్టు దగ్గర వ్యాను జారింది. టీ గ్లాసు సగంలో వదిలి వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు.

మరి మా గుమ్మం సంగతేమిటి? ప్రతి ఆదివారం ఆ గుమ్మం దాటే కదా ఆరాధనకు వెళ్ళాం?

ఇలాంటి మాటలు స్త్రీల కూడికలో చెబితే మళ్ళీ పిలవరు. మంచిదే.

మార్చి 26, ఆదివారం

అందరూ వెళ్ళాక పాస్టరుగారు కుర్చీలు సర్దుతుంటే దగ్గరికి వెళ్ళాను. ముందు బల్ల సంగతి ఎత్తాను. నన్ను టైలరమ్మ వాళ్ళ బల్ల దగ్గర వేయండి అన్నాను.

ఆయన నవ్వారు. "నిన్న సాయంత్రం ఇంకొకరు ఇదే మాట అడిగి వెళ్ళారమ్మా."

"ఎవరండీ?"

"మీ పక్కింటివాళ్ళు."

నాకు తల కొట్టేసినట్టయింది. వాడికేం వచ్చింది, నాతో కూర్చోనంటాడా? స్కూలు రోజుల నుంచి వాడి లంచ్ డబ్బా కట్టింది ఎవరు? చెవినొప్పి వస్తే ఆవిరి పట్టింది ఎవరు?

ఆ ఉక్రోషంలోనే అసలు ప్రశ్న కూడా అడిగేశాను. "గుర్తున్న ఇళ్ళల్లో పెద్దకొడుకులు బతికారు. మా ఇంట్లో పోయారు. మా గుమ్మం దేవుడికి కనపడలేదా?"

పాస్టరుగారు చేతిలో కుర్చీ కింద పెట్టి అందులోనే కూర్చున్నారు. "నాకు తెలీదమ్మా" అన్నారు.

"మీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

"నిజంగా తెలీదు. సమాధి దగ్గర ప్రార్థన చేసింది నేనే. ఆ రోజు నుంచి నేనూ అడుగుతూనే ఉన్నా." తర్వాత, "ఒకటి మాత్రం గమనించా. ఆ రోజు ఇళ్ళు దాటి వెళ్ళినవాడు, తర్వాతెప్పుడో అదే పండక్కి తన ఇంటిని మాత్రం దాటలేదు. తన జ్యేష్ఠుణ్ణే సిలువకి ఇచ్చేశాడు. నువ్వడిగిన దానికి ఇది జవాబు కాదు. కానీ పెద్దకొడుకు పోయిన ఇల్లు ఎలా ఉంటుందో ఆయనకి తెలీదని మాత్రం అనుకోకు" అన్నారు.

ఇంటికొచ్చి గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ కడిగాను. జవాబు కాదని తెలిసి చెప్పడమెందుకు?

మార్చి 27, సోమవారం

నిన్న రాసింది మళ్ళీ చదివాను.

మార్చి 28, మంగళవారం

మళ్ళీ చదివాను.

మార్చి 30, గురువారం

టైలరమ్మ ఈసారి జాకెట్టు సాకు కూడా లేకుండా వచ్చింది. చిన్నోడు ఆయన పోయినప్పటి నుంచి ఆరాధనలో ప్రభువు బల్ల రొట్టె తీసుకోవడం లేదట. పళ్ళెం వస్తే పక్కవాళ్ళకి అందించేస్తున్నాడట. వెనక వరసలో కూర్చుంటాడు కాబట్టి నాకు తెలియదు. నేను ముందు వరసలో కూర్చునేది వాడు కనపడకూడదని కాదు, నాకు దూరం చూపు ఆనదు.

"ఎందుకట?" అన్నాను.

"నేనూ అడిగా. 'నా బదులు ఒకాయన చనిపోయాడని చెప్పి రొట్టె చేతిలో పెడతారు. నా బదులు ఒకాయన పోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు పిన్నీ. ఇంకొకళ్ళని కూడా తినలేను' అన్నాడు."

టైలరమ్మ ముక్కు చీదుకుంది. నేను లేచి స్టవ్వు మీద ఏమీ లేకపోయినా వెళ్ళి చూసి వచ్చాను.

వాడు రోజూ ఏం తింటున్నాడో.

ఏప్రిల్ 1, శనివారం

మార్చి 20న రాసిన మాట అబద్ధం.

వాడు బతికి ఉండడం చూస్తే నాకు కోపం. వాడు గోడ అవతల బట్టలు ఆరేస్తుంటే కోపం. ఒకసారి రేడియో పెట్టుకుని ఈల వేశాడు, ఆ రోజంతా నాకు ముద్ద దిగలేదు. ఆ జ్వరం ఒక్కరోజు ఆగి రాకూడదా అనుకుంటాను. ఆ తర్వాత ఆలోచన ఇక్కడ కూడా రాయలేను.

ఏళ్ళ తరబడి పులియని రొట్టె చేసి ఊరందరికీ పంచాను. ఒకరి బదులు ఒకరు అనే మాట ఎంత బరువో నాకూ తెలియలేదు, వినేవాళ్ళకీ తెలిసి ఉండదు. ప్రాణం దక్కినవాడికి కూడా ఇంత బరువుంటుందని అసలే తెలియలేదు. ఐగుప్తులో ఆ తెల్లారి బతికి లేచిన పెద్దకొడుకులు ఏం చేసి ఉంటారు? దుప్పటి నమిలిన పిల్ల ఏదని వెతికి ఉంటారా?

రేపు ఏం మాట్లాడాలో తెలియడం లేదు. చీర మాత్రం ఇస్త్రీ చేసుకున్నాను.

ఏప్రిల్ 2, ఆదివారం

మాట్లాడాను.

గొర్రెపిల్ల ముందు ఇంటిది కావడం చెప్పాను. ప్రభువు కూడా పండక్కి ముందే ఊళ్ళోకి వచ్చి, ఆ నాలుగు రోజులూ అందరి మధ్యా తిరిగాడు కదా, తెలియనివాడిగా చనిపోలేదు కదా అన్నాను. సిలువ మీద ఆయన ఎముక కూడా విరగకపోవడం చెప్పాను. పెద్దకొడుకు పోయిన ఇంటి గురించి పాస్టరుగారి మాట చెప్పి, ఇది జవాబు కాదని కూడా చెప్పాను. నాకు తెలిసిన ముగ్గురు తల్లులు తల వంచుకున్నారు. ప్రతి ఇంటి గుమ్మం దగ్గరా ఏదో ఉంది, నాకొక్కదానికే అనుకున్నాను.

చివర్లో పులిసిన పిండి గురించి. పండుగకు ముందే ఇల్లంతా వెతికి దాన్ని బయట పెట్టేయాలి, చిటికెడు కూడా మిగలకూడదు అన్నాను. అన్నాక ఆయన సీసా గుర్తొచ్చింది. మాట మింగేశాను. టైలరమ్మ నా వంకే చూస్తోంది, పెదవి బిగబట్టి.

తర్వాత పాస్టరుగారితో గుసగుసగా, "నా సీసా కూడా బయట పెట్టాలా?" అని అడిగాను.

"అది మనకి నియమం కాదమ్మా. పాత పులిపిండి అంటే మనసులో పెట్టుకున్న కక్షే అని అపొస్తలుడు చెప్పాడు కదా. నీ సీసా జోలికి ఎవరూ రారు" అన్నారు.

సీసా అయితేనే తేలిక.

గురువారం ప్రతి బల్ల దగ్గరా చిన్నవాళ్ళు ఈ భోజనానికి అర్థం ఏమిటని అడగాలట, పెద్దవాళ్ళు చెప్పాలట. పాత పండుగలో ఇంటి పిల్లలు అలాగే అడిగేవారు. బల్లల చీటీ గోడకి అంటించారు. నా పేరు పక్కన వాడి పేరే ఉంది.

ఏప్రిల్ 3, సోమవారం

ఇవాళ నేను చేసిన పని రాస్తే నాకే నవ్వొస్తోంది.

సీసా ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పారబోయడానికి సింకు దాకా వెళ్ళాను. రోజూ సగం పారబోసే చేయి పూర్తిగా పారబోయడానికి లేవలేదు. అప్పుడు తట్టింది. రోజూ సింకుకి ఇస్తున్నాను, వాడికి మాత్రం ఇవ్వలేదు. సిగ్గేసింది. సిగ్గు తగ్గేలోపే వెళ్ళి చిన్నోడి తలుపు కొట్టాను.

వాడు తలుపు తీసి కొయ్యబారిపోయాడు. చిక్కిపోయాడు. చొక్కా గుండీ ఒకటి ఊడిపోయింది.

"ఇదిగో. నువ్వే ఉంచుకో" అన్నాను.

సీసా చూసి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "ఇప్పుడొద్దు వదినా."

"అడిగించింది నువ్వే కదా?"

"నువ్వే కదా నిన్న చెప్పావు, ఇంట్లో చిటికెడు కూడా ఉండకూడదని."

"నువ్వెక్కడ విన్నావు? అది స్త్రీల కూడిక!"

"కిటికీ బయట నుంచున్నా." నేల చూపులు చూస్తూ, "షాపులో ఈస్టు ప్యాకెట్లు కూడా తీసేశా. గురువారం దాకా బిస్కెట్లే అమ్ముతున్నా" అన్నాడు.

బేకరీ వాడు రొట్టె మానేశాడు! నా ఉపన్యాసం విని! ఆయన ఉంటే ఇద్దర్నీ చూసి పొట్ట పట్టుకుని నవ్వేవారు. అది నియమం కాదురా అని చెప్పబోయి ఆగాను. వాడి ముఖంలో అంత శ్రద్ధ చూసి ఎన్నాళ్ళయిందో.

వాడింట్లో వద్దు, నా ఇంట్లో వద్దు. చివరికి పెరట్లో గోడ మీద పెట్టాం. అది ఎవరి ఇల్లూ కాదు.

ఏప్రిల్ 4, మంగళవారం

వాడు షాపు నుంచి రాకముందే వెళ్ళి సీసాకి పిండి వేశాను. వాడికి ఇవన్నీ ఎక్కడ గుర్తుంటాయి.

ఏప్రిల్ 5, బుధవారం

పొద్దున్నే చూస్తే గోడంతా పిండే. మూత ఎగిరి నా తులసి మొక్క పక్కన పడింది. గోడ మీద నుంచి వాడి చెప్పుల దాకా తెల్లగా కారి, చీమలు బారులు తీరాయి. నేను ఇటు నుంచి గుడ్డతో, వాడు అటు నుంచి చీపురుతో.

"ఇంత పొంగడమేంటి?" అన్నాను.

"నువ్వు మర్చిపోతావేమోనని నేను వేశా వదినా."

"ఎప్పుడు?"

"నిన్న పొద్దున, సాయంత్రం."

"నేనూ వేశాను కదరా!"

ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం మేపాం. వాడికి నవ్వొచ్చింది. వాడి నవ్వు అచ్చం ఆయన నవ్వే, పై పన్ను మీద ఎక్కిన పన్ను కూడా. ఇన్నాళ్ళూ అందుకేనేమో నేను చూడలేకపోయింది. ఇవాళ చూశాను. కళ్ళు తిప్పుకోలేదు.

తుడుస్తూ తుడుస్తూ, "రేపు నేను రాను వదినా" అన్నాడు మెల్లిగా.

"ఎందుకు?"

"చిన్నవాళ్ళు అడగాలంట. మన బల్ల దగ్గర నేనేగా చిన్న. ఆ ప్రశ్న నిన్ను నేనెలా అడగను? ఏ మొహం పెట్టుకుని అడగను?"

ఏదో ఒకటి అనాలి. "ఉన్న మొహమే పెట్టుకుని రా. గుండీ ఊడిన చొక్కా మాత్రం వేసుకురాకు, ఇటివ్వు కుట్టిస్తా" అన్నాను. ఇచ్చాడు.

టైలరమ్మకి ఇవ్వలేదు. నేనే కుట్టాను.

ఏప్రిల్ 6, గురువారం

పొద్దున రొట్టెలు చేయడానికి బేకరీకి వెళ్ళాను. ఆయన పోయాక లోపల అడుగు పెట్టడం ఇదే. అన్ని బల్లలకీ సరిపడా కాల్చాలంటే ఇంటి పొయ్యి చాలదు. చిన్నోడు ఓవెన్ వేడి చేసి పెట్టి బయట మెట్ల మీద కూర్చున్నాడు. గల్లా దగ్గర నా స్టూలు మీద దుమ్ము లేదు. రోజూ తుడుస్తున్నాడన్నమాట, నేను రాకపోయినా.

పిండి, నీళ్ళు, ఉప్పు. పిండిని ఊరికే ఉంచితే తనంతట తనే పులవడం మొదలుపెడుతుంది కాబట్టి ఆగకుండా చేయాలి. ఒత్తడం, ఫోర్కుతో గుచ్చడం, కాల్చడం. ఒక్కదాన్నే సగానికి వచ్చేసరికి చేయి పట్టేసింది. "మెట్ల మీద కూర్చుని ఏం కాపలా కాస్తున్నావు, వచ్చి ఒత్తు" అని కేకేశాను. వచ్చాడు. వాడు ఒత్తాడు, నేను కాల్చాను.

సాయంత్రం హాలు నిండింది. మా బల్ల మధ్యలో వేశారు, ఇద్దరికి చాలా పెద్ద బల్ల. పక్క బల్లలో టైలరమ్మ, వాళ్ళాయన, ఇద్దరు కూతుళ్ళు, అత్తగారు. అక్కడ గోలగోల. ఇక్కడ మేమిద్దరం, మధ్యలో ఒక రొట్టె. వాడు కుట్టిన చొక్కా వేసుకుని తల దువ్వుకుని వచ్చాడు. ఫోటోకి కూర్చున్నట్టు కూర్చున్నాడు.

పాస్టరుగారు ప్రార్థన చేసి, ఇక పిల్లలు అడగొచ్చు అన్నారు. హాలంతా చిన్న గొంతులు లేచాయి. మా బల్ల దగ్గర మాత్రం ఏమీ లేదు. నేను రొట్టె వంక చూస్తూ ఆగాను. తొందరపెట్టలేదు.

"వదినా" అన్నాడు చివరికి. "ఈ భోజనానికి అర్థమేంటి?"

నేను ఆదివారం చెప్పినవన్నీ ఉన్నాయి. గొర్రెపిల్ల, గుమ్మం, ఎముకలు, దాటిపోవడం. వాటిలో ఒక్కటీ వాడి ముఖం ముందు నిలబడలేదు.

"మీ అన్నయ్య నీ బదులు వెళ్ళారు" అన్నాను.

వాడు లేవబోయాడు. చేయి పట్టుకుని కూర్చోబెట్టాను.

"విను. నేను రోజూ అదే అనుకుంటున్నా. నిన్ను చూసినప్పుడల్లా అదే అనుకున్నా, నీకు తెలుసు. కానీ ఆయన నీ మీద బాకీ రాసి వెళ్ళలేదురా. నీకు ఒళ్ళు కాలిపోతోందని, నువ్వు పడుకోవాలని వెళ్ళారు. పడుకుని, జ్వరం తగ్గి, లేచి, తినాలని. అంతే. ప్రభువైనా అందుకే వెళ్ళాడు, మనం తినాలని. నువ్వు తినకపోతే ఇద్దరూ ఎందుకు వెళ్ళినట్టు?"

వాడు రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పక్క బల్ల గోల ఆగిపోయింది. ఆగితే ఆగనీ.

"నువ్వు బతికి ఉన్నందుకు నాకు కోపం వచ్చింది" అన్నాను. "ఇవాళ మాత్రం నువ్వు కూడా లేకపోతే ఈ బల్ల దగ్గర నేనేం చేసేదాన్నా అని భయమేసింది. ఇంద, తిను."

రొట్టె విరిచి వాడి చేతిలో పెట్టాను. చాలాసేపు చూశాడు. నోట్లో పెట్టుకుని నమిలాడు, కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. పులియని రొట్టె గట్టిగా ఉంటుంది, నమలడానికి సమయం పడుతుంది. నేను ఎదురుగా కూర్చుని వాడు నమలడం చూశాను, చిన్నప్పుడు డబ్బా ఖాళీ చేశాడో లేదో చూసినట్టు.

మింగాక మెల్లిగా చేయి చాపి, "ఇంకో ముక్క పెట్టు వదినా" అన్నాడు.

పెట్టాను. అప్పుడు నాకూ ఆకలి తెలిసింది. ఇద్దరం కలిసి రొట్టె మొత్తం తినేశాం.